ముక్కు కారుతోందని రాశాను

అక్టోబర్ 6, సోమవారం

పిట్ట ఇవాళ నా చేతిలో కార్డు పెట్టింది.

నీళ్ళ గ్లాసు బొమ్మ ఉన్న కార్డు. నా చొక్కా పట్టుకుని లాగింది, నా అరచేయి తెరిచింది, కార్డు అందులో పెట్టి నా మోచేయి వైపు చూస్తూ నిలబడింది. పిట్ట మా అమ్మాయి, దానికి నాలుగేళ్ళ రెండు నెలలు. ఇన్నాళ్ళూ దాహమేస్తే ఫ్రిజ్‌కేసి తల కొట్టుకునేది. నేను కొయ్యబారిపోయాను.

"నీళ్ళివ్వండి బాబూ. కార్డు పట్టుకుని మీరు ఏడిస్తే దానికి దాహం తీరదు," అంది సిస్టర్.

ఆటిజం ఉన్న చిన్నపిల్లల ఇళ్ళకి ఆరోగ్య కేంద్రం వాళ్ళు పంపే నర్సు ఆవిడ. పన్నెండు వారాలు, సోమ, బుధ, శుక్రవారాల్లో పదింటికి వస్తుంది. పిల్లకి కాదు, మాకు నేర్పుతుంది. ఫ్రిజ్ మీద ఒక పుస్తకం పెట్టింది. నిద్ర, తిండి, ఏడుపు, మందులు, కొత్తవి అని గళ్ళు. రోజూ మేం నింపాలి, వచ్చినప్పుడల్లా ఆవిడ చదివి టిక్కులు పెట్టాలి. మా ఇంట్లో ఆవిడ పేరు టిక్కుల సిస్టర్. మూడు వారాల్లో 'కొత్తవి' గడిలో ఇవాళే మొదటి టిక్కు పడింది.

"అది పిల్ల పుస్తకం. మీకోసం ఇంకోటి పెట్టుకోండి. దాన్ని నేను చదవను," అంది వెళ్తూ. నా పనికి కట్టుడు పళ్ళ సామాను అమ్మే కంపెనీ ఇచ్చిన డైరీ ఖాళీగా ఉంటే తీశాను.

సాయంత్రం టీచరమ్మ (నా భార్యే, ఒకటో తరగతికి చెబుతుంది) బడి నుంచి రాగానే కార్డు సంగతి చెప్పాను. "నాకివ్వలేదేం?" అని నవ్వింది. మొహం కడుక్కుని వస్తానని వెళ్ళి, చాలాసేపు రాలేదు.

అక్టోబర్ 7, మంగళ

రాత్రి పిట్ట మూడు గంటలే పడుకుంది. మేమూ అంతే.

అక్టోబర్ 11, శని

పిట్టకి జలుబు. డాక్టరు నిన్న అలర్జీ సిరప్ రాశాడు. రోజుకోసారి అర స్పూను, ఐదు రోజులు. కొంచెం మత్తుగా ఉంటుందన్నాడు.

పొద్దున ఎనిమిదింటికి వేస్తే ఎనిమిదిన్నరకి నా బల్ల పక్కన చాప మీద పడుకుంది. పదకొండు దాకా లేవలేదు. ఈ ఇంట్లో గోడ గడియారం చప్పుడు చేస్తుందని నాకు ఇవాళే తెలిసింది.

పళ్ళ ల్యాబు కోసం ఇంట్లో చేసే సెట్లు నాలుగు అయ్యాయి. కట్టుడు పళ్ళ పని చూసేవాళ్ళకి నవ్వులాటగా ఉంటుంది కానీ, మైనం కరగడానికి స్పిరిట్ దీపం వెలుగుతూనే ఉండాలి. పిట్టకి నా ప్లాస్టర్ దవడలంటే ప్రాణం. గోడ వెంబడి వరసగా పేర్చుకుంటుంది. పోయిన నెల ఒక దవడ కోసం దీపం మీదుగా చెయ్యి చాపింది. గౌను చెయ్యి అంచు నల్లబడింది. ఆ సంగతి టీచరమ్మకి తెలుసు. ఆ రోజు నుంచి బడికి వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఒకసారి ఆగి వెనక్కి చూసి వెళ్తుంది.

అక్టోబర్ 16, గురు

ఐదు రోజులూ అయిపోయాయి. ముక్కు ఇంకా కారుతోంది. కొంచెం.

అక్టోబర్ 18, శని

కారుతోంది.

అక్టోబర్ 21, మంగళ

ముక్కు కారలేదు కానీ తుమ్మింది. అర స్పూనే.

పుస్తకంలో మందుల గడిలో 'లేదు' అని రాశాను. జలుబు మందు కూడా మందు కిందికి వస్తుందా? డాక్టరే ఇచ్చాడు కదా.

సీసా ప్లాస్టర్ బస్తా వెనక పెట్టాను. పిట్టకి అందకుండా.

అక్టోబర్ 24, శుక్ర

సిస్టర్ ఇవాళ గంటసేపు కార్డులు పట్టుకుని కూర్చుంది. పిట్ట ముట్టుకోలేదు. నీళ్ళ కార్డు చేతికిస్తే, అది చేతిలోంచి జారి కింద పడింది. అది పడిందని కూడా పిట్ట చూడలేదు.

"వారం పైనే అయింది, పిల్ల కళ్ళు మబ్బుగా ఉంటున్నాయి. మీరు పుస్తకంలో రాసేది ఒకటి, నేను చూసేది ఒకటి," అంది.

దొరికిపోయాననుకున్నాను. కానీ ఆవిడ అన్నది వేరే. బయటికి కనపడని మూర్ఛ వస్తోందేమో అని అనుమానం. తలకి వైర్లు పెట్టి చూసే పరీక్షకి చీటీ రాసింది.

మూర్ఛ. ఆ మాట టీచరమ్మకి ఎలా చెప్పాలో తెలియక, వంటింట్లో కుళాయి కట్టేసి ఒక్క ముక్కలో చెప్పాను. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

అక్టోబర్ 29, బుధ

పరీక్ష అయింది. తలనిండా జిగురు, ఇరవై వైర్లు. అయినా పిట్ట పెద్దగా పెనుగులాడలేదు. కాళ్ళు నేను పట్టుకున్నాను, చేతులు వాళ్ళమ్మ.

"ఏమైనా మందులు వాడుతున్నారా? నిద్రకి, జలుబుకి, నాటు మందులు, ఏదైనా?" అని అడిగాడు డాక్టరు.

"లేదండీ," అన్నాం. ఇద్దరం ఒకేసారి, బడిపిల్లలు పాఠం అప్పజెప్పినట్టు.

మూర్ఛ లేదట. మెదడు మాత్రం నిద్రమత్తులో ఉన్నట్టు కనిపిస్తోందట. నెల తరవాత మళ్ళీ చూద్దామన్నాడు.

అర స్పూను ఇంత పని చెయ్యదు. సీసా మీద చీటీ చదివాను. రెండుసార్లు చదివాను. చెయ్యదు.

నవంబర్ 2, ఆదివారం

సెలవు. ఇద్దరం ఇంట్లోనే. పిట్ట పొద్దున్నుంచి మంచం మీద గెంతుతూనే ఉంది. ఫ్యాను చూసి కేకలు, నవ్వులు. తల పగిలిపోతోంది.

నవంబర్ 3, సోమ

ఇవాళ సిరప్ ఇవ్వలేదు. కావాలనే ఇవ్వలేదు. అయినా సిస్టర్ వచ్చేసరికి పిట్ట మబ్బుగానే ఉంది.

అంటే సిరప్ వల్ల కాదు. గుండెల మీంచి పెద్ద బరువు దిగింది.

నవంబర్ 5, బుధ

ల్యాబు వాళ్ళకి శుక్రవారం మధ్యాహ్నానికి ఆరు సెట్లు కావాలట. టీచరమ్మకి చెప్పాను. "దీపం దగ్గర జాగ్రత్త," అంది.

నవంబర్ 8, శని. ఆసుపత్రి

నిన్నటిది రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ.

నిన్న పొద్దున ఏడున్నరకి టీచరమ్మ వెళ్ళింది. ఎనిమిదింటికి సిరప్ వేశాను. అర స్పూను కాదు, స్పూను నిండా. ఇక్కడ కూడా నిజం రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? పది నిమిషాలకే చాప మీద వాలిపోయింది. తొందరగా పడుకుందే అనుకున్నాను. అంతే అనుకున్నాను. మైనం వేడెక్కింది, పళ్ళు పేర్చడం మొదలుపెట్టాను. అడుగు దూరంలో పిట్ట. దాదాపు రెండు గంటల్లో ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు నేను.

పదింటికి సిస్టర్ వచ్చింది. చెప్పులు విప్పుతూ గుమ్మంలోంచే చూసింది. ఒక చెప్పు కాలికి ఉండగానే లోపలికి వచ్చేసింది.

"ఎంతసేపయింది పడుకుని?"

"ఎనిమిదిన్నర కాకముందే..."

సిస్టర్ పిట్ట భుజం గిల్లింది. కదల్లేదు. కనురెప్ప ఎత్తి చూసింది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. అప్పుడు చూశాను నేను. పిట్ట పెదాలు నా గులాబీ మైనం రంగులో లేవు, నా తెల్ల ప్లాస్టర్ రంగులో ఉన్నాయి.

"అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి."

"రాత్రంతా నిద్రపోలేదండీ, అందుకే..."

"ఫోన్ చెయ్యండి!"

ఆవిడ గొంతు పెంచగా వినడం అదే మొదటిసారి. ఫోన్ చేశాను. మా ఇంటి నంబరు నాకు గుర్తు రాలేదు. ఆవిడే చెప్పింది.

"ఏమిచ్చారు పిల్లకి?"

దీపం ఆర్పడానికి బల్ల వైపు తిరిగాను.

"బాబూ, నా మొహం చూడండి. నేను పోలీసుని కాదు. ఏమిచ్చారో తెలిస్తే డాక్టరు ఆ పని చేస్తాడు. తెలియకపోతే వెతుక్కుంటూ కూర్చుంటాడు. ఏమిచ్చారు?"

"జలుబు సిరప్."

"ఎంత?"

"అర స్పూను."

"సీసా తెండి."

ప్లాస్టర్ బస్తా వెనక నుంచి తీసుకొచ్చాను. ఎక్కడి నుంచి తీశానో ఆవిడ చూసింది. చీటీ చదివింది.

"అర స్పూనుకి ఇలా పడిపోదు. ఎంత?"

"స్పూను."

"దానిక్కూడా ఇంతలా పడిపోకూడదు. ఇంకేమిచ్చారు?"

"ఏమీ లేదండీ. ఒట్టు. పిట్ట మీద ఒట్టు."

ఆవిడ నమ్మలేదు. నేను ఒట్టేసి చెప్పిన నిజం, అది నమ్మలేదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు. ఛాతీ మీద అంటించిన బిళ్ళల్లోంచి ఏదో గీత తెర మీద పరుగెడుతోంది. టీచరమ్మ ముప్పావు గంటకి వచ్చింది. చేతినిండా సుద్ద. వచ్చీ రాగానే పిట్టని కాదు, నా చేతిలోని సీసాని చూసింది.

ఆ చూపు నాకు అర్థం కాలేదు. భయపడుతుంది, అరుస్తుంది, నన్ను కొడుతుంది అనుకున్నాను. అవేవీ కాదు. అద్దంలో చూసుకున్నట్టు చూసింది.

"అమ్మా, మీరేమైనా ఇచ్చారా?" అని అడిగాడు డాక్టరు.

హ్యాండ్‌బ్యాగు తెరిచింది. పిల్లల నోటు పుస్తకాలు పక్కకి జరిపి, అడుగు నుంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. అదే పేరు, అదే చీటీ. నా సీసా కంటే ఖాళీగా ఉంది.

"ఏడింటికి. పాలల్లో. స్పూనున్నర," అంది.

మాతో వచ్చిన సిస్టర్ రెండు సీసాల వైపూ చూసి గోడకి ఆనుకుంది.

"ఎందుకు?" అన్నాను. అడిగే హక్కు నాకే ఉన్నట్టు.

"ఆరు సెట్లు ఉన్నాయన్నారుగా మీరు. దీపం దగ్గర పని. మళ్ళీ దాని చెయ్యి అటు పోతే?" అంది. "మామూలుగా సాయంత్రం ఇస్తాను. ముప్ఫై ఎనిమిది మందిని కూర్చోబెట్టి వస్తానండీ. ఇంటికొచ్చాక ఒక్క గంట... ఈ మధ్య మాత్రం పొద్దున కూడా. మీకు పని జరగాలని." ఆగింది. "మీరెందుకిచ్చారు?"

"నువ్వు సరిగ్గా పడుకోవట్లేదని. పగలు పనంతా అయిపోతే రాత్రి నేను చూసుకోవచ్చని," అన్నాను.

అబద్ధం. నేను నా పని కోసం ఇచ్చాను. ఆ గడియారం చప్పుడు కోసం ఇచ్చాను.

సొంత సీసా ఎందుకు కొందో కూడా చెప్పింది. ఇంట్లో సీసా తగ్గితే నాకు తెలిసిపోతుందని.

సాయంత్రం నాలుగింటికి పిట్ట కళ్ళు తెరిచింది. ముక్కు దగ్గర గొట్టం పీకింది. ఆపబోయిన వార్డు నర్సు కడుపులో ఈడ్చి తన్నింది. "తన్నిందండీ!" అని అరిచాను నేను, పక్క మంచాల వాళ్ళందరూ తిరిగి చూసేలా.

నవంబర్ 10, సోమ

నిన్న ఇంటికి పంపారు. ఇవాళ సిస్టర్ రాదనుకున్నాను. పదింటికి వచ్చింది.

టీచరమ్మ సెలవు పెట్టింది. ఇద్దరం వరసగా కూర్చున్నాం. నేను చేతులు పట్టుకున్నంత పని చేశాను. "ఈ ఒక్కసారికి పైవాళ్ళకి రాయకండి సిస్టర్. పిల్లని తీసుకుపోతారు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"శుక్రవారమే రాసి పంపేశాను. మీరు అడగడం మూడు రోజులు ఆలస్యమైంది," అంది.

"ఒక్క మాట మాతో చెప్పకుండానే?"

"మీరు నాతో చెప్పారా?"

తల తీసేసినట్టయింది.

ఆవిడే మళ్ళీ అంది. "నేను రాసిన దాంట్లో నా తప్పు కూడా ఉంది. మందుల గడి పెట్టాను. మీరు 'లేదు' అని రాస్తే టిక్కు కొట్టాను. కళ్ళు మబ్బుగా ఉన్నాయని కనిపెట్టాను కదా, సీసాలన్నీ చూపించండి అని ఒక్కమాట అడగాల్సింది. మంచి మనుషులు, ఏమనుకుంటారో అని ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. మర్యాదకి పోయి పిల్ల ప్రాణం మీదికి తెచ్చాను."

పిట్ట వచ్చి ఆవిడ సంచి జిప్పు లాగడం, వెయ్యడం, లాగడం మొదలుపెట్టింది. ఆవిడ దాన్ని చూస్తూ ఏడ్చింది.

నవంబర్ 12, బుధ

ఆరోగ్య కేంద్రం నుంచి సిస్టర్ పై అధికారి, పిల్లల సంక్షేమం చూసే ఇంకొకాయన వచ్చారు. ప్రతి అలమారూ తెరిచారు. పరుపుల కింద చూశారు. టీచరమ్మ బ్యాగు బల్ల మీద బోర్లించమన్నారు. బోర్లించింది. స్టార్ స్టిక్కర్లు, సుద్దముక్కలు, పిన్నీసులు. ఆమె చెవులు ఎర్రబడటం చూసి నేను కిటికీ వైపు తిరిగాను.

మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. మూడు గంటలు. ఆ మూడు గంటలూ పిట్ట ఆ సంక్షేమం ఆయన బూట్ల లేసులు విప్పుతూ కూర్చుంది. ఆయన ఒక్కసారి కూడా కాలు లాక్కోలేదు.

పిల్లని తీసుకువెళ్ళరట.

ఆ మాట విన్నాక కూడా నాకు చాలాసేపు అర్థం కాలేదు. ఆయన మళ్ళీ చెప్పాడు. ఆరు నెలలపాటు చెప్పకుండా వచ్చి చూస్తారు. మందులు తాళం పెట్టెలో. ఏది ఇచ్చినా ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఇంట్లో దీపం వెలిగించకూడదు. ల్యాబు వాళ్ళతో మాట్లాడాను, టీచరమ్మ ఇంటికొచ్చాక సాయంత్రాలు అక్కడికే వెళ్ళి పని చెయ్యాలి. సిస్టర్ ఇంకో పన్నెండు వారాలు వస్తుంది.

నవంబర్ 14, శుక్ర

వారం నుంచి మేమిద్దరం అవసరమైనవి తప్ప మాట్లాడుకోలేదు. పాలు, తాళం, డాక్టరు. అంతే.

సిస్టర్ ఇవాళ పుస్తకం మా ముందు పెట్టింది. "మందుల గడి మొదటి నుంచి సరిచెయ్యండి. ఏ రోజు పిల్ల ఎందుకు అలా ఉందో నాకు తెలియాలి. ఇద్దరూ కూర్చుని నింపండి," అని చెప్పి వెళ్ళింది.

పిట్ట పడుకున్నాక కూర్చున్నాం. టీచరమ్మ ఎర్ర పెన్ను తీసింది, అలవాటు కొద్దీ.

"అక్టోబర్ పదహారు?"

"నేను."

"పద్దెనిమిది?"

"నేను."

"నేను కూడా," అంది. రాసింది.

"ఇరవై నాలుగు?"

కార్డు జారి పడిన రోజు. "ఇద్దరం."

"ఇరవై తొమ్మిది. తలకి వైర్లు పెట్టిన రోజు," అంది. "గొడవ చెయ్యకుండా ఉంటుందని, బయల్దేరే ముందు..."

నేను తలూపాను. నేనూ అందుకే. లేని మూర్ఛ కోసం దాని కాళ్ళు నేను పట్టుకున్నాను, చేతులు తను పట్టుకుంది. ఇద్దరికీ తెలుసు. ఎవరు ఇచ్చిన సంగతి వాళ్ళకే తెలుసు. టీచరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

"మూడో తారీఖు నేను ఇవ్వలేదు," అన్నాను, అదేదో గొప్పలా. "మబ్బుగా ఉంటే, అయితే సిరప్ వల్ల కాదనుకున్నాను."

"ఆ పొద్దున నేనిచ్చాను."

మొత్తం నెలలో ఒక్క గడి మిగిలింది. నవంబర్ రెండు, ఆదివారం. మిగతా ఆదివారాలు ఎవరో ఒకరం బజారుకి వెళ్ళాం, ఆ రోజు మాత్రం ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. ఒకరి ముందు ఒకరం ఇవ్వలేకపోయాం.

"ఆ రోజు ఎలా ఉంది పిట్ట?" అని అడిగింది.

నాకు గుర్తుంది. ఈ డైరీలో రాశాను కూడా. రోజంతా గెంతింది, ఫ్యానుని చూసి నవ్వింది, మేమిద్దరం విసుక్కున్నాం. అదే చెప్పాను.

ఎర్ర పెన్నుతో 'నవ్వింది' అని రాసింది. ఆ తరవాత పుస్తకం మీద తల పెట్టేసుకుంది. పక్కకి జరిగి కూర్చున్నాను. ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

నవంబర్ 15, శని

ఆసుపత్రిలో చెప్పింది అబద్ధమని, నీ నిద్ర కోసం కాదు నా పని కోసమే ఇచ్చానని టీచరమ్మకి చెప్పాను.

"తెలుసు," అంది.

నవంబర్ 23, ఆదివారం

మధ్యాహ్నం రెండింటికి కింది ఇంట్లో గోడకి డ్రిల్లింగ్ మొదలుపెట్టారు. పిట్ట చెవులు మూసుకుని నేల మీద పడి అరవడం మొదలుపెట్టింది. టీచరమ్మ వెళ్ళి చెబితే డ్రిల్లింగ్ ఆపారు. పిట్ట ఆపలేదు. మూడున్నర. నాలుగు. ఎత్తుకుంటే కరిచింది, మణికట్టు దగ్గర రక్తం వచ్చింది. సిస్టర్ నేర్పిన దుప్పటి చుట్టడం, లైట్లు ఆర్పడం, అన్నీ చేశాం.

నాలుగుంబావుకి నాకు సిరప్ గుర్తొచ్చింది.

ఆక్సిజన్ గొట్టం చూశాక, ఆ పెదాలు చూశాక, ఇంత జరిగాక కూడా. ఎంత స్పష్టంగా గుర్తొచ్చిందంటే, దాని తియ్యటి వాసనతో సహా. నేను మనిషినేనా అనిపించింది. నోరు మూసుకుని ఊరుకుందామనుకున్నాను. పోయిన నెలంతా చేసింది అదే కదా.

"ఏమోయ్, నాకు గుర్తొచ్చింది," అన్నాను.

"ఏంటి?"

"అదే. సిరప్."

టీచరమ్మ పిట్ట కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. "నాకు అరగంట నుంచీ అదే," అంది.

సిస్టర్‌కి ఫోన్ చేశాను. పిట్ట అరుపులు ఆవిడకి వినిపిస్తూనే ఉన్నాయి.

"ఇచ్చారా? ఇవ్వాలనిపించిందా?"

"అనిపించింది."

"ఎవరికి?"

"ఇద్దరికీ."

"ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారా?"

"ఇప్పుడే."

"సరే. పాప ఎవరి దగ్గరుంది?"

"వాళ్ళమ్మ దగ్గర."

"మీరు తీసుకోండి. అమ్మని వీధి చివరిదాకా నడిచి రమ్మనండి. పావుగంట. ఆవిడ వచ్చాక మీరు వెళ్ళండి. పిల్ల ఏడుస్తుంది, ఏడవనివ్వండి. ఊపిరి తీస్తోంది, అరుస్తోంది, తంతోంది. బాగుంది పిల్ల. ఫోను ఆపకుండా అక్కడ పెట్టండి, నేను వింటూ ఉంటాను."

పిట్టని నేను తీసుకున్నాను. టీచరమ్మ చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. పూర్వం దీపం ఉన్నప్పుడు చూసిన చూపు కాదు. నన్ను చూస్తోంది. నేనొక్కడినే పిట్టతో.

నమ్మకం లేదా అని అడగలేదు. అడిగితే ఏం చెబుతుంది?

"తలుపు తీసే ఉంచుతాను," అన్నాను.

తలూపి వెళ్ళింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు, ఒళ్ళో పిట్ట అరుపులు, మధ్యలో తెరిచి ఉన్న తలుపు. పక్కింటివాళ్ళు తొంగి చూశారు. చూడనిచ్చాను.

పావుగంటకి వచ్చింది. పిట్టని అందుకుంది. నేను చెప్పులేసుకున్నాను.

నేను మెట్లు దిగుతుంటే, తనూ తలుపు వెయ్యలేదు.